గోదావరి డెల్టా నేలల్లో మార్పును పరారుణ కాంతితో కొలవడం ఎలా

ధవళేశ్వరం దాటి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిన గోదావరి సముద్రంలో కలిసేలోగా నేల ఎన్నో రూపాలు మారుస్తుంది. ఏటిగట్టు పక్కన గరప నేల, దాని వెనుక పల్లపు చేలల్లో నల్లటి రేగడి, నది నడుమ వరద వచ్చినప్పుడల్లా కొత్త ఒండ్రు కప్పుకొనే లంక నేల, తీరం వెంట ఇసుక దిబ్బలు, ఆ దిబ్బల నడుమ పల్లాల్లో చౌడు, కోరంగి వైపు మడ అడవుల బురద, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల వరి చేలు తవ్వి చేసిన చేపల, రొయ్యల చెరువుల అడుగు మట్టి, ఇవన్నీ ఒక్క రోజు ప్రయాణంలో చూడగలిగినంత దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇలాంటి చోట సేంద్రియ కర్బనం పెరుగుతోందా తరుగుతోందా, చెరువును ఆనుకొని ఉన్న వరి చేనులోకి ఉప్పు పాకుతోందా అన్నది తేల్చాలంటే నాలుగైదు నమూనాలు చాలవు. వందల చోట్ల, ఒకే లోతులో, ఒకే కాలంలో, కొన్నేళ్లకు ఒకసారి మళ్లీ మళ్లీ కొలవాలి.

అన్ని నమూనాలను రసాయన పద్ధతిలో పరీక్షించడం ఖర్చుతోనూ, వ్యర్థాలతోనూ కూడిన పని. సేంద్రియ కర్బనం కోసం భూసార పరీక్ష కేంద్రాల్లో విరివిగా వాడే వాక్లీ–బ్లాక్ పద్ధతి 1934లో వెలువడింది. అందులో గ్రాము మట్టికి 10 మిల్లీలీటర్ల పొటాషియం డైక్రోమేట్ ద్రావణం, 20 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోయాలి. వేల నమూనాల పరీక్ష ముగిశాక మిగిలే క్రోమియం వ్యర్థం పర్యావరణ పరిశీలన పేరిట మనమే పుట్టించిన కాలుష్యం అవుతుంది. పరారుణ వర్ణపట పద్ధతిలో ఆరబెట్టి జల్లించిన మట్టిపై కాంతిని పంపి, ఏ తరంగదైర్ఘ్యం వద్ద ఎంత కాంతి తిరిగి వచ్చిందో (అదే వర్ణపటం) నిమిషం లోపే నమోదు చేయవచ్చు. ఆమ్లం అక్కరలేదు, నమూనా చెడిపోదు, ఒకే వర్ణపటం నుంచి అనేక గుణాలను అంచనా వేయవచ్చు.

అయితే ఈ పనికి దిగే కళాశాల విభాగాలు, పరిశోధక విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థలు మొదటి నుంచీ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. పరికరం కర్బనాన్ని కొలవదు, కాంతిని మాత్రమే కొలుస్తుంది. ఆ కాంతికీ కర్బనానికీ ఉన్న సంబంధాన్ని రసాయన పరీక్ష జరిగిన కొన్ని నమూనాల నుంచి మనం నేర్పాలి; అలా కట్టిన లెక్కనే మోడల్ అంటాము. కాబట్టి అంచనా నాణ్యత పరికరం ధర మీద కంటే, నమూనాలను ఎంచుకున్న తీరు మీదా, వాటికి చేయించిన రసాయన పరీక్ష మీదా ఎక్కువగా ఆధారపడుతుంది. డెల్టా నేలల్లో ఈ రెండు చోట్లా ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి.

కాంతికి కనిపించేవి, కనిపించనివి

350 నుంచి 2500 నానోమీటర్ల వరకు చూసే పరికరాలు దృశ్య, సమీప పరారుణ కాంతిని వాడతాయి. 2500 నుంచి 25000 నానోమీటర్ల వరకు, అంటే సెంటీమీటరుకు 4000 నుంచి 400 తరంగాల పరిధిలో చూసేవి మధ్య పరారుణ పరికరాలు. అణువుల్లోని బంధాల మూల కంపనాలు మధ్య పరారుణంలో ఉంటాయి. సమీప పరారుణంలో కనిపించేవి వాటి అతిస్వరాలు (మూల కంపనాల రెట్లు), సంయుక్త కంపనాలు మాత్రమే. అందుకే మొదటిదానిలో గుర్తులు పదునుగా ఉంటే, రెండోదానిలో వెడల్పుగా, బలహీనంగా, ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి.

గోదావరి దక్కన్ బసాల్ట్ శిలల ప్రాంతం నుంచి మోసుకొచ్చిన స్మెక్టైట్ జాతి బంకమన్ను మన రేగడిలో ఎక్కువ. దాని పొరల మధ్య నిలిచే నీరు 1400, 1900 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చి, వర్ణపటంలో లోతైన పల్లాలను చూపుతుంది. అల్యూమినియంతో కూడిన హైడ్రాక్సిల్ బంధం 2200 దగ్గర కనిపిస్తుంది. కెయోలినైట్ అనే మరో రకం బంకమన్ను ఉంటే 2165, 2207 దగ్గర జంట పల్లం వస్తుంది. కార్బొనేట్లు 2340 దగ్గర, ఇనుప ఆక్సైడ్లు దృశ్య కాంతిలోనూ, 870 నుంచి 930 మధ్యనూ బయటపడతాయి. సేంద్రియ పదార్థం దృశ్య కాంతిని విస్తారంగా పీల్చి మట్టిని నల్లబరుస్తుంది, 1700 పైన, 2300 దగ్గర సన్నని గుర్తులు వదులుతుంది. మధ్య పరారుణంలో కర్బన, ఉదజని గొలుసులు 2930, 2850 తరంగాల దగ్గర, కాల్సైట్ 2515 దగ్గర స్పష్టంగా తేలతాయి. కాబట్టి సేంద్రియ కర్బనం, మొత్తం నత్రజని, బంకమన్ను శాతం, ధనాయాన మార్పిడి సామర్థ్యం (పోషకాలను పట్టి ఉంచే శక్తి), కార్బొనేట్లు ఈ పద్ధతికి బాగా లొంగే గుణాలు. నత్రజని కూడా ఎక్కువగా కర్బనంతో ఉన్న బంధుత్వం వల్లనే అందుతుంది.

సాయిల్ హెల్త్ కార్డులోని 12 అంశాలన్నీ ఒక్క వర్ణపటంతో వస్తాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. లభ్య భాస్వరం, జింకు, బోరాన్ వంటివి మట్టిలో అతి కొద్ది మోతాదులో ఉంటాయి. వాటికి ఈ పరిధిలో నేరుగా కనిపించే గుర్తు లేదు. అవి ఒక ప్రాంతంలో బంకమన్నుతోనో కర్బనంతోనో కలిసి మారితే అంచనా కుదిరినట్టు కనిపిస్తుంది, పక్క మండలానికి వెళ్లగానే చెదిరిపోతుంది. వాటి ఆధారంగా ఎరువుల సిఫారసు చేయడం రైతుకు అన్యాయం చేయడమే.

డెల్టాలో అందరికీ కావలసిన ఉప్పు సంగతి ఇంకా సున్నితమైనది. సోడియం క్లోరైడ్‌కు ఈ కాంతిలో సొంత గుర్తు లేదు. ఉప్పు ఉన్న మట్టి గాలిలోని తేమను ఎక్కువగా పట్టి ఉంచడం వల్ల నీటి పల్లాల ఆకారం మారుతుంది, పైన తెల్లని పొర పేరుకుంటే మట్టి మెరుపు పెరుగుతుంది, జిప్సం ఉంటే దాని స్ఫటిక జలం 1450 నుంచి 1750 మధ్య కనిపిస్తుంది. ఇవన్నీ పరోక్ష సాక్ష్యాలు. ఉప్పు మోతాదును చూపే విద్యుత్ వాహకతను (ఈసీని) వర్ణపటంతో అంచనా వేసి చౌడు పటం గీయడం కంటే, అదే నమూనాకు వాహకత మీటరుతో ఈసీ కొలవడం చౌక, నమ్మకం కూడా. ఒక పాళ్లు మట్టికి రెండున్నర పాళ్ల నీరు కలిపి కొలిచే ఈ పరీక్షకు స్వేదన జలం తప్ప ఖరీదైన రసాయనం అక్కరలేదు. నా అభిప్రాయంలో డెల్టాలో ఏ వర్ణపట పరిశీలనా పథకమైనా ప్రతి నమూనాకూ ఈసీ, ఉదజని సూచిక (పీహెచ్) మీటరుతో కొలిచి, మిగిలిన గుణాలకే కాంతిని ఆశ్రయించాలి. పాల చౌడునూ కారు చౌడునూ విడదీయడానికి కూడా ఈ రెండు అంకెలు కావాలి. సంతృప్త మట్టి ద్రావణం (మట్టి పూర్తిగా నానేంత నీరే కలిపి తీసిన ద్రావణం) వాహకత మీటరుకు 4 డెసిసీమెన్లు దాటితే పాల చౌడు అంటారు; ఉదజని సూచిక 8.5 దాటి, బంకమన్నుకు అంటి ఉండే మార్పిడి సోడియం 15 శాతం మించితే అది కారు చౌడు. సంతృప్త ద్రావణపు ఈసీ వేరు, ఒకటికి రెండున్నర పాళ్ల ఈసీ వేరు. ఒకదాని హద్దును రెండోదానికి పెట్టకూడదు.

ఎక్కడ, ఎప్పుడు తవ్వాలి

దాళ్వా (రబీ వరి) కోతలు ముగిసి, కాలువలు కట్టేసిన వేసవి రోజులే డెల్టాలో నమూనాలకు అనువైన కాలం. చేలు ఆరి ఉంటాయి, దమ్ము జరగదు, ఎరువులు చల్లరు. మళ్లీ కాలువలకు నీరు వదిలేలోగా పని ముగించాలి. వేసవిలో నేల అడుగు నీటితోపాటు ఉప్పు పైకి లేస్తుంది కాబట్టి ఈ కాలపు ఈసీ సంవత్సరంలో హెచ్చు స్థాయికి దగ్గరగా ఉంటుంది. అది దోషం కాదు గాని, మొదటి విడత మే నెలలో తీసి రెండో విడత సార్వా (ఖరీఫ్ వరి) కోతల తర్వాత తీస్తే, కాలభేదం వల్ల వచ్చిన తేడాను నేల మార్పుగా పొరబడతాము.

స్థలాలను ఊరి పేర్ల ప్రకారం గాక నేల మారే దిశలో ఎంచుకోవాలి. ఉదాహరణకు రావులపాలెం వైపు నుంచి అమలాపురం మీదుగా ఉప్పలగుప్తం తీరం దాకా ఒక వరుస, ఉండి నుంచి మొగల్తూరు వైపు మరో వరుస, తాళ్లరేవు నుంచి కోరంగి మడ అడవుల అంచు దాకా ఇంకొకటి తీసుకుంటే గట్టు నేల నుంచి ఉప్పు బురద వరకు అన్ని దశలూ లెక్కలోకి వస్తాయి. యనమదుర్రు, ఉప్పుటేరు వంటి మురుగు కాలువల పక్కన, రొయ్యల చెరువు గట్టు నుంచి దూరం పెరిగే కొద్దీ కొన్ని స్థలాలు తీసుకోవడం అవసరం. చెరువు ప్రభావం అలాగే బయటపడుతుంది. మడ అడవిలో అడుగు పెట్టడానికి అటవీ శాఖ అనుమతి, లంకల్లో రైతు అనుమతి ముందే తీసుకోవాలి.

ఎరువుల సిఫారసు కోసం చేనంతా తిరిగి పది, పదిహేను చోట్ల వి ఆకారపు గుంట తీసి మట్టిని కలిపే అలవాటు ఉంది. ఏళ్ల తరబడి మార్పును చూడాలంటే అంతకంటే చిన్న స్థిర స్థలం మేలు. చేనులో 20 మీటర్ల చదరాన్ని గుర్తించి, మూలల స్థానాలను జీపీఎస్‌తో నమోదు చేసి, మొబైల్ జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా రావచ్చు కాబట్టి కాలువ తూము, కరెంటు స్తంభం వంటి గుర్తుల నుంచి దూరాన్ని కూడా టేపుతో కొలిచి రాసుకోవాలి. గట్లు, చెట్ల నీడ, కుప్పనూర్చిన కళ్లం, గడ్డి కాల్చిన మచ్చలు వదిలేయాలి. కాల్చిన గడ్డి బొగ్గు మట్టిని నల్లబరిచి మోడల్‌ను తప్పుదోవ పట్టిస్తుంది. వేసవిలో రేగడి నెర్రెలు విచ్చినప్పుడు పైమట్టి నెర్రెల్లోకి జారుతుంది కనుక నెర్రె అంచున ఆగరు (మట్టి తీసే బర్మా) దించకూడదు.

లోతు 0 నుంచి 15, 15 నుంచి 30 సెంటీమీటర్లుగా రెండు పొరలు తీయడం సరిపోతుంది. ఏటా దమ్ము చేసే చేలల్లో నాగటి చాలు కింద గట్టిపొర ఉంటుంది. అది ఎక్కడ మొదలైందో చేతిపుస్తకంలో రాయాలి. కర్బన నిల్వను హెక్టారుకు టన్నుల్లో చెప్పాలంటే స్థూల సాంద్రత తప్పనిసరి, దాన్ని వర్ణపటం నుంచి ఊహించకుండా లోహపు వలయంతో తీసిన మట్టిని 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి తూచాలి. సేంద్రియ కర్బనం 0.8 శాతం, సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాములు, లోతు 30 సెంటీమీటర్లు అనుకుంటే ఈ మూడింటి లబ్ధం 31.2, అంటే హెక్టారుకు 31.2 టన్నుల కర్బనం. సాంద్రతను 1.3కు బదులు 1.4గా ఊహిస్తే నేలలో ఏ మార్పూ లేకుండానే నిల్వ 33.6 అవుతుంది.

లంక నేలల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. వరద ఒండ్రు పరిచిన తర్వాత పై 15 సెంటీమీటర్లు నిరుడు మనం తీసిన మట్టి కాదు. అక్కడ కర్బనం తగ్గినట్టు కనిపిస్తే సాగు పద్ధతిని నిందించే ముందు కొత్త ఒండ్రు మందాన్ని కొలవాలి.

ఆరబెట్టడం, నూరడం

ఈ పనిలో ఎక్కువ పొరపాట్లు దొర్లేది ఇక్కడే, ఎవరూ శ్రద్ధగా రాయనిదీ ఇదే. మట్టిని నీడలో పలచగా పరిచి ఆరబెట్టి, పెద్ద గడ్డలను చేతితో చిదిమి, వేర్లు, వరి దుబ్బులు, కొబ్బరి పీచు ఏరేయాలి. ఆరిన రేగడి గడ్డ రాయిలా బిగుస్తుంది కాబట్టి పూర్తిగా ఆరకముందే చిన్న ముక్కలుగా విరవడం మంచిది. తర్వాత చెక్క సుత్తితో నలగ్గొట్టి 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. జల్లెడ మీద మిగిలిన గడ్డలను పారేయకుండా మళ్లీ నలగ్గొట్టాలి. పారేస్తే బంకమన్ను పోయి ఇసుక మిగులుతుంది, అంచనా కూడా అటే వంగుతుంది. తీరం దగ్గరి మట్టిలో నత్తగుల్లలు, గవ్వల ముక్కలు ఉంటాయి. పెద్దవాటిని ఏరి తూచి రాసుకోవాలి, వాటిని పొడి చేసి మట్టిలో కలపకూడదు.

తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. మేలో ఆరబెట్టి సంచిలో కట్టిన రేగడి జులైకల్లా మళ్లీ తేమ పీల్చుకుంటుంది, 1900 నానోమీటర్ల పల్లం లోతు మారిపోతుంది. అందువల్ల స్కాన్ చేయడానికి ముందు రాత్రి నమూనాలన్నింటినీ 40 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి, మరునాడు డెసికేటర్‌లో (తేమ చొరని మూత పాత్రలో) చల్లార్చి, బయటికి తీసిన వెంటనే స్కాన్ చేయాలి. 105 డిగ్రీలకు పెంచవద్దు. జిప్సం తన స్ఫటిక జలాన్ని కోల్పోవచ్చు, సేంద్రియ పదార్థం కూడా మారవచ్చు.

మడ అడవి బురదను, చెరువు అడుగు మట్టిని వేరుగా చూడాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అందులో సల్ఫైడ్లు ఉన్నట్టు. గాలి తగిలి ఆరే క్రమంలో అవి ఆక్సీకరణ చెంది ఆమ్లం పుడుతుంది, ఉదజని సూచిక పడిపోతుంది. ఉదజని సూచికను తవ్విన చోటే తడి మట్టిలో కొలిచి, నమూనాను గాలి చొరని సంచిలో, మంచు పెట్టెలో ఉంచి తెచ్చి, ఆలస్యం లేకుండా ఆరబెట్టాలి.

మధ్య పరారుణ పరికరం వాడితే 2 మిల్లీమీటర్ల మట్టి పనికిరాదు. దాన్ని అగేటు రోలులోనో యంత్రంతోనో 0.1 మిల్లీమీటరు కంటే సన్నగా నూరాలి, అన్ని నమూనాలనూ ఒకే సమయం నూరాలి. కణాల పరిమాణం మారితే వర్ణపటమే మారుతుంది.

స్కాన్ చేసేటప్పుడు

పరికరం దీపాన్ని కనీసం అరగంట ముందు వెలిగించాలి. తెల్లని ప్రామాణిక పలకను మొదట్లోనూ, ఆపై ప్రతి 10, 15 నిమిషాలకూ చదివించాలి. ఆ పలకపై వేలిముద్ర పడినా, మట్టి దుమ్ము చేరినా రోజంతటి కొలతలు చెడతాయి. నమూనాను గిన్నెలో కనీసం సెంటీమీటరు మందాన పోసి, అదమకుండా, అంచు పట్టీతో పైభాగాన్ని చదును చేసి స్కాన్ చేయాలి. గిన్నెను పావు వంతు చొప్పున తిప్పి నాలుగుసార్లు చదివి సగటు తీయాలి. నాలుగింటిలో ఒకటి పక్కకు తప్పుకొంటే గిన్నె ఖాళీ చేసి మళ్లీ నింపాలి.

మీ దగ్గరి రేగడినీ ఇసుకనూ కొన్ని కిలోలు తెచ్చి, బాగా కలిపి, ఆరబెట్టి, గాజు సీసాల్లో దాచుకోవాలి. ప్రతి పూట పని మొదలుపెట్టే ముందూ ముగించే ముందూ ఈ రెండు తనిఖీ మట్టీలనూ స్కాన్ చేసి పాత వర్ణపటాలతో పోల్చాలి. దీపం వయసు మీరినా, గదిలో తేమ పెరిగినా ముందుగా చెప్పేవి ఇవే. పరికరాల మధ్య పోలికకు ఆస్ట్రేలియా తీరంలోని లక్కీ బే ఇసుకను అంతర్జాతీయంగా ప్రామాణికంగా వాడుతున్నారు. అది దొరికితే సరే, దొరకకపోయినా సొంత తనిఖీ మట్టిని మాత్రం మానకూడదు.

మధ్య పరారుణ పరికరాల్లో కొన్నింటి లోపలి అద్దాలు పొటాషియం బ్రోమైడ్‌తో చేసినవి. తేమ తగిలితే అవి మసకబారతాయి. కాకినాడ, యానాం వంటి తీర పట్టణాల్లో పరికరం కొనేవారు జింకు సెలీనైడ్ అద్దాలున్న రకాన్ని అడగడం, తేమ పీల్చే గుళికలను తరచూ మార్చడం అవసరం. చేతిలో పట్టుకొని చేనుకు తీసుకెళ్లే చిన్న పరికరాల్లో కొన్ని సుమారు 1350 నానోమీటర్ల పైభాగాన్నే చూస్తాయి, కాబట్టి ఇనుప ఆక్సైడ్ల గుర్తులూ, సేంద్రియ పదార్థపు నలుపూ వాటికి అందవు. తడి చేలో నేరుగా స్కాన్ చేస్తే నీరు మిగతా గుర్తులను కప్పేస్తుంది; మొదటి విడత పనికి ఆరబెట్టిన మట్టినే నమ్ముకోవడం మంచిది.

రసాయన పరీక్షకు ఏవి పంపాలి

అన్ని నమూనాలనూ ముందు స్కాన్ చేసి, ఆ తర్వాతే రసాయన పరీక్షకు కొన్నింటిని ఎంచుకోవాలి. వర్ణపటాల మధ్య దూరాన్ని లెక్కించి, ఒకదానికొకటి అతి దూరంగా ఉన్నవాటితో మొదలుపెట్టి పరిధినంతా సమంగా కప్పే కెన్నార్డ్–స్టోన్ పద్ధతి 1969 నుంచీ ఉంది. వెయ్యి నమూనాల పథకంలో 150 నుంచి 200 దాకా ఇలా ఎంచుకుంటే మంచి పునాది ఏర్పడుతుంది. వీటికి తోడు, మోడల్‌ను పరీక్షించడానికి యాదృచ్ఛికంగా తీసిన మరికొన్నింటిని పూర్తిగా పక్కన పెట్టాలి.

ఇప్పుడు డెల్టాకు ప్రత్యేకమైన చిక్కు. వాక్లీ–బ్లాక్ పరీక్షలో క్లోరైడ్ కూడా డైక్రోమేట్‌ను ఖర్చు చేస్తుంది. కాట్రేనికోన తీరపు చౌడు మట్టికి ఈ పరీక్షను మామూలుగా చేస్తే ఉప్పు కూడా కర్బనంగా లెక్కకొస్తుంది. నీరు నిలిచిన చేల ఫెర్రస్ ఇనుము, మడ బురద సల్ఫైడ్లు కూడా ఇదే పని చేస్తాయి. ఆ అంకెలతో నేర్చుకున్న మోడల్ ఉప్పు ఎక్కువైన ప్రతిచోటా కర్బనం ఎక్కువని చెబుతుంది. సముద్రపు నీరు చొచ్చుకొచ్చిన చేనుకు ఆరోగ్యం బాగుపడిందని కితాబిస్తుంది. పరిశీలన ఉద్దేశమే తలకిందులయ్యే తప్పు ఇది. ఉప్పు నేలలకు సిల్వర్ సల్ఫేట్ కలిపిన ఆమ్లం వాడాలి, లేదా మట్టిని నీటితో కడిగి క్లోరైడ్ తొలగించాలి, లేదా మట్టిని కాల్చి వెలువడే వాయువు నుంచి కర్బనాన్ని కొలిచే పొడి దహన పద్ధతికి వెళ్లాలి. పొడి దహనంలో క్లోరైడ్ బెడద లేదు గాని గవ్వల కార్బొనేట్ కర్బనం కలిసి వస్తుంది కనుక ముందుగా ఆమ్లంతో కార్బొనేట్లను పోగొట్టాలి. వాక్లీ–బ్లాక్‌లో కర్బనం పూర్తిగా ఆక్సీకరణ చెందదు, అందుకే దాదాపు 1.3తో హెచ్చిస్తారు. ఒక విడతకు ఒక పద్ధతి, మరో విడతకు మరో పద్ధతి వాడితే వచ్చే తేడా నేలది కాదు.

బంకమన్ను శాతం కొలిచేటప్పుడు కూడా ఉప్పు అడ్డొస్తుంది. ఉప్పు ఉన్న మట్టిలో బంక రేణువులు ముద్దలై త్వరగా అడుగుకు దిగిపోతాయి, హైడ్రోమీటరు వాటిని ఇసుకగానో ఒండ్రుగానో చూపుతుంది. ముందుగా ఉప్పును కడిగి, సోడియం హెక్సామెటాఫాస్ఫేట్‌తో రేణువులను బాగా విడదీయాలి.

ప్రయోగశాలకు పంపే ప్రతి పదింటిలో ఒక నమూనాను రెండు సంచుల్లో, వేర్వేరు అంకెలతో పంపించండి. ఆ రెండింటి ఫలితాల మధ్య తేడాయే ప్రయోగశాల దోషం. మోడల్ దోషం దానికంటే తక్కువగా కనిపించిందంటే సంతోషించవలసిన పని లేదు, ఎక్కడో లెక్క తప్పింది.

మోడల్ కట్టడం, దాన్ని నమ్మవచ్చా అని చూడడం

పరావర్తన విలువలను శోషణ విలువలుగా మార్చాలి, అంటే పరావర్తన విలోమానికి సంవర్గమానం తీయాలి. 350 నుంచి 400 వరకు, 2450 పైన ఉన్న అర్థం లేని ఒడిదుడుకులు (నాయిస్) ఎక్కువైన అంచులను కత్తిరించాలి. సావిట్స్కీ–గోలే పద్ధతితో నునుపు చేసి మొదటి అవకలజం (వాలు) తీస్తే కణాల పరిమాణం వల్ల వచ్చే ఎత్తుపల్లాలు తగ్గుతాయి. ఆర్ అనే కంప్యూటర్ భాషలో ఉచితంగా దొరికే ప్రాస్పెక్టర్, పీఎల్ఎస్ ప్యాకేజీలు ఈ పనులన్నీ చేస్తాయి. మొదట పాక్షిక కనిష్ఠ వర్గాల (పీఎల్ఎస్) పద్ధతితోనే ప్రారంభించండి. అది సరళమైనది, ఏ తరంగదైర్ఘ్యం ఎంత బరువు మోసిందో చూపిస్తుంది. ఆ బరువులు 1700, 2200, 2300 వంటి తెలిసిన గుర్తుల దగ్గర గాక ఎక్కడో అంచున పేరుకుంటే ఆ మోడల్‌ను అనుమానించాలి.

పరీక్షకు పక్కన పెట్టే నమూనాలను విడి సంచులుగా గాక స్థలాలుగా, వీలైతే ఊళ్లుగా విడదీయాలి. ఒకే గుంట పైపొర నేర్చుకునే జట్టులో, కింది పొర పరీక్షించే జట్టులో పడితే మోడల్ ఆ గుంటను ముందే చూసినట్టవుతుంది, దోషం అసలు కంటే తక్కువగా తేలుతుంది.

అంచనాలకూ అసలు కొలతలకూ ఎంత పొంతన ఉందో చెప్పే ఆర్ వర్గం (1 అయితే పూర్తి పొంతన) ఒక్కటే చూసి తృప్తి పడేవారు డెల్టాలో తప్పక మోసపోతారు. దిబ్బల ఇసుక నుంచి మడ బురద దాకా అన్నీ ఒకే మోడల్‌లో వేస్తే కర్బనం వ్యాప్తి చాలా పెద్దది. ఇసుకను బురద నుంచి విడదీయగలిగితే చాలు, ఆర్ వర్గం 0.9 దాటుతుంది. కాని మనకు కావలసింది రెండు వరి చేల మధ్య 0.6, 0.8 శాతాల తేడా. అందుచేత అంచనా మామూలుగా ఎంత తప్పుతోందో చూపే వర్గమధ్య మూల దోషాన్ని శాతాల్లో చెప్పాలి, అదీ వరి రేగడికి, లంకలకు, కొబ్బరి తోటల ఇసుక గరపకు, మడ బురదకు వేర్వేరుగా లెక్కించాలి. ఒక తరగతిలో దోషం ఆ తరగతి సహజ వ్యాప్తికి సమానంగా ఉంటే అక్కడ మోడల్ ఏమీ నేర్వలేదని అర్థం.

సొంతంగా 150 నమూనాలకు కూడా డబ్బు లేనివారు ఓపెన్ సాయిల్ స్పెక్ట్రల్ లైబ్రరీ వంటి ఉచిత భాండాగారాన్ని ఆశ్రయించవచ్చు. అందులో అమెరికా, ఐరోపా నేలల వాటా ఎక్కువ కాబట్టి నేరుగా వాడకుండా, డెల్టా నుంచి 30, 40 స్థానిక నమూనాలను రసాయన పరీక్షతో సహా చేర్చి, వాటికి ఎక్కువ బరువు ఇవ్వాలి. మన మట్టిని పోలిన వర్ణపటాలను మాత్రమే ఏరి ప్రతి నమూనాకూ విడి మోడల్ కట్టే పద్ధతి ఇంకా మెరుగు. రిజెంబుల్ అనే ఆర్ ప్యాకేజీ ఆ పని చేస్తుంది.

ఏళ్లు గడిచాక మార్పును లెక్కించడం

వర్ణపట అంచనాలో ఒక్కొక్క చేనుకు దోషం ఎక్కువే. అది 0.12 శాతం అనుకుందాం. ఒక చేనులో కర్బనం 0.05 శాతం పెరిగిందని ఆ దోషంతో చెప్పలేము. అదే 100 స్థిర స్థలాలను రెండు విడతలు కొలిచి సగటు తేడా తీస్తే, దోషాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, అంచనా వల్ల వచ్చే అనిశ్చితి సుమారు 0.017 శాతానికి దిగుతుంది. ఎక్కువ చోట్ల చౌకగా కొలవడంలోని లాభం ఇదే. అయితే స్థలాల సంఖ్య పెంచితే యాదృచ్ఛిక దోషం తగ్గుతుంది గాని, ఒకవైపే వంగిన దోషం తగ్గదు. దీపం మారడం, ఓవెన్ వేడి మారడం, ప్రయోగశాల మారడం అన్ని నమూనాలనూ ఒకే దిశలో తోస్తాయి. వందకు బదులు వెయ్యి స్థలాలు తీసుకున్నా ఆ తోపు అలాగే ఉంటుంది.

దీనికి మందు మొదటి విడత మట్టినే దాచుకోవడం. ప్రతి నమూనా నుంచి పావు కిలో గాలి చొరని సీసాలో, చీకటిలో, పొడిగా భద్రపరచాలి. రెండో విడత వచ్చినప్పుడు పాతవాటిలో కొన్నింటిని కొత్తవాటితో కలిపి, ఏది పాతదో స్కాన్ చేసేవారికి తెలియకుండా, ఒకే వారంలో చదివించాలి. పాత మట్టి అంచనాలే మారి కనిపిస్తే ఆ మేరకు దిద్దుబాటు చేయవచ్చు. పరికరమే మార్చవలసి వస్తే, పాతది చేయి దాటకముందే భద్రపరచిన నమూనాల్లో కనీసం 30, 40 రెండింటి మీదా స్కాన్ చేసి, ఒకదాని వర్ణపటాన్ని రెండోదానికి అనువదించే సమీకరణం కట్టుకోవాలి.

కొత్త విడతలో వచ్చిన ప్రతి వర్ణపటమూ మోడల్‌కు తెలిసిన పరిధిలో ఉందో లేదో పాత నమూనాల గుంపు నుంచి అది ఎంత దూరమో చెప్పే మహలనోబిస్ దూరంతో తనిఖీ చేయాలి. సముద్రపు నీరు కొత్తగా చొచ్చిన చేను, చెరువును పూడ్చి మళ్లీ వరి వేసిన చేను పరిధి బయట పడే అవకాశం ఎక్కువ, మనం వెతికేదీ వాటినే. అలాంటి నమూనాకు అంచనా అంకె రాయకుండా రసాయన పరీక్షకు పంపి, ఆ ఫలితంతో సహా మోడల్‌లో చేర్చాలి. రైతుకు ఇచ్చే కాగితం మీద కాంతితో అంచనా వేసిన కర్బనం, బంకమన్ను పక్కన దోషపు హద్దును రాయాలి, మీటరుతో కొలిచిన ఈసీ, ఉదజని సూచికలను వేరే గడిలో చూపాలి, భాస్వరం, జింకు గడులను రసాయన పరీక్ష జరిగేదాకా ఖాళీగా వదిలేయాలి.